అప్పగింతల తర్వాత వచ్చే రాజు

నేను చెప్పే దాంట్లో సగం తీసేసి వినాలని మా సూర్యాపేటలో అందరికీ తెలుసు. ఏనుగు అంటే గేదె అనుకుంటారు. గేదె అంటే మేక అనుకుంటారు. దాని వల్ల నాకు ఎప్పుడూ నష్టం రాలేదు. వాళ్లు సగానికి కోస్తారని తెలుసు కాబట్టి నేను ముందే రెండింతలు చేసి చెబుతాను, చివరికి సరిపోతుంది. కష్టమంతా మా చిన్నాయనకు వచ్చింది. ఆయన అబద్ధం ఆడి ఎరుగడు. జీవితంలో ఆయన చెప్పిన వింత సంగతి ఒక్కటే, అదీ నిజం. దాన్ని పేటలో ఎవరూ నమ్మలేదు. ఊరు నమ్మకపోతే పోయింది, మా చిన్నమ్మ నమ్మలేదు. ఆయన బాధంతా అదే.

ఎనభైల చివర్లో టీవీలో ఒక తెలుగు సీరియల్ వచ్చేది. ఒక సైంటిస్టు ఇనుప బీరువాలో దూరి తలుపు వేసుకుంటే వెనకటి కాలంలో ఎక్కడో దిగుతాడు. బీరువా తలుపు సరిగ్గా పడేది కాదు. లోపలి నుంచి సైంటిస్టు, బయటి నుంచి ఆయన బావమరిది చెరో తన్ను తంతే గాని కదిలేది కాదు. ఆ సీరియల్ వచ్చినన్నాళ్లూ పేటలో పిల్లలు బీరువాల్లో దూరి, పట్టుచీరలు నలిపి తన్నులు తిన్నారు.

అందులో ఒక కథ ఉంది, అన్నిట్లోకీ నవ్వులాట కథ. ఒక చిన్న రాజు కోటను పక్క రాజు ముట్టడిస్తాడు. ముట్టడి ఎంతకాలం సాగిందంటే, రెండు సైన్యాలకూ దోస్తీ కుదిరింది. పొద్దున కత్తులు దూసుకుంటారు, సాయంత్రం కాగానే ఈ గుడారం వాళ్లు ఆ గుడారానికి వెళ్లి ఉప్పు అడుక్కొస్తారు. సరిగ్గా ఇద్దరి మధ్యలో మన బీరువా దిగుతుంది. మాదంటే మాదని ఇద్దరు రాజులూ పట్టుబడతారు. ఆ బీరువా దిగిన కబురు రాజుకు చేరవేసే కోట కాపలా సిపాయి ఉన్నాడే, ఆ సిపాయి మా చిన్నాయన.

ఆయన నటుడు కాదు. పేటలో ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే మనిషి. రైతు బస్తా మూతి విప్పగానే నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఒకటి పంటి కింద పెట్టి కొరికేవాడు. టక్కుమంటే ఎండిన వడ్లు. మెత్తగా నలిగితే తేమ. తేమైతే ముఖం పుల్లగా పెట్టి మిగిలిన గింజలు బస్తాలోకి రాల్చేసేవాడు. ఆ ముఖం చూసి రైతు నోరు తెరవక ముందే బేరం సగం దిగిపోయేది. ఈ అలవాటు మిల్లుతో ఆగలేదు. కిరాణా కొట్లో కొరికేవాడు, బంధువుల ఇంట్లో చాటలో ఏరుతున్న బియ్యం కొరికేవాడు. తన పెళ్లిలో కూడా కొరికాడు. ఆ సంగతి చిన్నమ్మ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది.

"నెత్తి మీద తలంబ్రాలు పోస్తున్న. అందరు సప్పట్లు కొడ్తున్నరు. గీయన భుజం మీద వడ్డ గింజ తీసి కొరికిండు. కొరికి, నూక ఎక్కువున్నది అన్నడు. మా నాయన మొకం సూడాల్సింది అప్పుడు!"

"ఉన్నది కాబట్టే అన్న," అనేవాడు చిన్నాయన.

ఇక సీరియల్ సంగతి. పాలకీడు దాటాక నది వైపు ఎక్కడో పాత రాతి గోడలుంటే అక్కడ షూటింగ్ పెట్టారు. రాజుకు కప్పం కింద వడ్ల బస్తాలు వచ్చే సీను ఉందట. గడ్డి నింపిన బస్తాలైతే తేలిపోతున్నాయని నిజం వడ్లే కావాలని మిల్లుకు కబురు పెట్టారు. మిల్లు సేటు బస్తాలు లారీకెత్తించి, కాపలాకు చిన్నాయనను పంపాడు. అక్కడ సిపాయి వేషానికి వచ్చినవాడు పొద్దున్నే కల్లు తాగి బల్లెం పట్టుకోలేక దాని మీదే నిద్రపోతున్నాడు. ఎత్తుగా ఉన్న మనిషి కావాలి. చిన్నాయన ఎత్తుగా ఉన్నాడు. తల మీద ఇనుప టోపీ పెట్టారు, ఛాతీ దాకా గడ్డం అంటించారు, చేతికి బల్లెం ఇచ్చారు. ఒక మాట కూడా ఇచ్చారు.

"ప్రభూ! కోట ముందు ఇనుప పెట్టె దిగింది!"

ఇంటికొచ్చాక గడ్డం అంటించిన జిగురు మరకలు దవడల మీద కొన్నాళ్లు పోలేదు. సాక్ష్యం అంటే అదొక్కటే. లారీ డ్రైవర్ ఉన్నాడు కానీ, ఆ రోజంతా లారీ కింద పడుకుని నిద్రపోయాడు.

"మా ఆయన టీవీల వస్తున్నడు," అని చిన్నమ్మే వాడంతా పిలిచింది. అప్పటికింకా ఆమెకు మొగుడి మీద నమ్మకం ఉంది, గర్వం కూడా ఉంది. ఆ సాయంత్రం వాళ్ల ముందు గదిలో ఊపిరి తీసుకునే చోటు లేదు. కిటికీ అవతల నిలబడ్డ వాళ్లు కూడా ఉన్నారు. చిన్నమ్మ పెళ్లినాటి చీర కట్టుకుంది. నేను మిద్దె మీద యాంటెన్నా తిప్పుతున్నాను.

"వచ్చిందా?"

"రాలే! జర గిటు!"

"ఇప్పుడు?"

"వచ్చె, వచ్చె! ఇగ ముట్టకు!"

నేను దిగి వచ్చేసరికి సీరియల్ పేరు పడుతోంది. పేరు పడింది, సన్నాయి మోగింది, కోట గోడ కనిపించింది, కరెంటు పోయింది.

ఎంతసేపు పోయిందని అడగకండి, నేను చెబితే మీరు సగం తీసేస్తారు. మళ్లీ వచ్చేసరికి తెర మీద పేర్లు పరుగెడుతున్నాయి. చిన్నాయన వెళ్లి టీవీకి అడ్డంగా కూర్చుని ఒక్కో పేరు చదువుతున్నాడు. రాజు పేరు వచ్చింది, సైంటిస్టు పేరు వచ్చింది, మేకప్ వాళ్ల పేర్లు వచ్చాయి. చిట్టచివర "మరియు తదితరులు" అని పడింది. చిన్నాయన దాని మీద వేలు పెట్టాడు.

"అగో! గదే నేను!"

వాడంతా నవ్వుకుంటూ ఇళ్లకు పోయింది. మర్నాటి నుంచి ఆయనకు 'తదితరులు' అనే పేరు పడింది. మిల్లుకు పోతుంటే "తదితరులు పోతున్నడు" అనేవారు. చిన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. పెళ్లినాటి చీర మడత పెట్టి బీరువాలో పెట్టి, ఆ బీరువా తలుపు ఎంత గట్టిగా వేసిందంటే నిజంగానే వెనకటి కాలానికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

అప్పటి నుంచి ఆయన ఏం చెప్పినా ఆమె నమ్మడం మానేసింది. "వాన వచ్చేటట్టున్నది," అని ఆయన అంటే వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపి చూసేది. "జొరమొచ్చినట్టున్నది," అంటే, "నిజం జొరమా, టీవీల జొరమా?" అనేది. పాలు పొంగుతున్నాయని ఆయన చెబితే పక్కింటావిడను పిలిచి, "వదినా, జర మా పొయ్యి మీద పాలు పొంగుతున్నయా సూడు," అనేది. అప్పటికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది.

నేను చూస్తూ ఊరుకుంటానా? ఆయనకు సాయం చేద్దామని, కొత్త బస్టాండు దగ్గర టీ బండి కాడ ఆ సీరియల్ కథ చెప్పడం మొదలుపెట్టాను. జనాన్ని ఒప్పించాలంటే కొంచెం బలంగా చెప్పాలి కదా. మా చిన్నాయన బల్లెం విసిరితే అది నదికి అవతల పడిందన్నాను. ఏనుగు తొండంతో ఆయన గడ్డం పట్టుకుందన్నాను. వింటున్న వాళ్లు టీ గ్లాసులు కింద పెట్టి, "గిది నువ్వు జెప్తున్నవంటెనే ఖతం, మీ చిన్నాయన అసలు పాలకీడే పోయి ఉండడు," అన్నారు.

ఆ కథ మళ్లీ ఎప్పుడైనా వేస్తారేమోనని చిన్నాయన ఎదురుచూశాడు. సీరియలే ఆగిపోయింది. హైదరాబాదు వెళ్లి టీవీ వాళ్ల గేటు దగ్గర అడిగితే, అక్కడి కాపలా మనిషి, "ఆ టేపు యాడున్నది పెద్దమనిషీ? దాని మీద పట్టుపురుగుల పెంపకం తీసిన్రు," అన్నాడట. చిన్నాయన ఆ మాట ఇంట్లో చెప్పాడు. చిన్నమ్మ నమ్మలేదు.

తొంభైల మధ్యలో నేను పురుగుమందుల కంపెనీ తరఫున పేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగేవాణ్ని. కోదాడలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాని యజమానే పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. ఎండ పూట అక్కడ ఫ్యాను కింద కూర్చుని నా కథలు వదిలేవాణ్ని. ఒక రోజు బీరువా కథ మొదలుపెట్టి ఏనుగు దాకా వచ్చాను.

"ఏనుగు లేదన్నా అందులో," అన్నాడు వీడియో ఆయన.

నా జన్మలో నా కథకు అంత ఖచ్చితంగా అడ్డం తగిలినవాడు లేడు. "నీకెట్ల తెల్సు?" అన్నాను.

"నా దగ్గర ఉండేదండి అది. కొత్తగా వీసీఆర్ కొన్నప్పుడు పనిచేస్తుందో లేదో చూద్దామని టీవీలో ఏదొస్తే అది ఎక్కించాను. ఆ కోట కథ మొత్తం క్యాసెట్టు చివర్లో ఎక్కింది."

"ఉండేది అంటే?"

ఆయన వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "దాని మీద పెళ్లి తీశానండి. ముహూర్తాలన్నీ ఒక్కసారే పడ్డాయి, కొత్త క్యాసెట్లు దొరకలా. ఏం చెయ్యను? మిర్యాలగూడ మిల్లు సేటు గారి అమ్మాయి పెళ్లి దాని మీద తీసిచ్చేశా. పెళ్లి ముందే అయిపోయింది, క్యాసెట్టు ఇంకా మిగిలింది. అప్పగింతల దగ్గర అమ్మాయి ఏడుస్తా కారెక్కుద్ది, వెంటనే రాజు వస్తాడు."

"సేటు తన్నలేదా?"

"తంతాడనే వారం రోజులు షాపు తియ్యలేదండి. తర్వాత వాళ్లే మనిషిని పంపారు. మిక్సింగ్ బ్రహ్మాండంగా ఉందంట! పెళ్లయ్యాక మహారాజు సింహాసనం మీద నుంచి చెయ్యెత్తి దీవిస్తున్నట్టు పెట్టానని వాళ్లు అనుకున్నారు. ఆ రోజుల్లో అందరం తామరపూలు, నెమళ్లు పెట్టేవాళ్లం కదా, ఇదీ అట్టాంటిదే అనుకున్నారు. మాట కూడా రాదులెండి ఆ ముక్కలో, గాలి కొట్టినట్టు చప్పుడొక్కటే. అది చూసి మిర్యాలగూడలో వాళ్ల చుట్టాలందరూ నన్నే పిలిచి, మాకూ రాజు కావాలంటున్నారు. ఇంకో రాజును నేనెక్కడి నుంచి తెచ్చేది?"

తర్వాత చేతులు జోడించాడు. "వెళ్లి చూడండి అన్నా, నేనొద్దనను. కానీ అది సీరియల్ ముక్క అని మాత్రం వాళ్లకు చెప్పొద్దు. నా బతుకు బజారున పడుద్ది."

పేటకొచ్చి చెప్పాను. చిన్నాయన అప్పుడే చెప్పులేసుకున్నాడు. చిన్నమ్మ మాత్రం నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"చెప్పెటోడివి నువ్వు. సూపించేది పెండ్లి క్యాసెట్టు. వచ్చేది గీ తదితరులు," అంది. మొగుడి వైపు తిరిగింది. "సరే, వస్త. ఇయ్యాల తేలకుంటె మాత్రం ఇగ జన్మల ఆ ముచ్చట ఎత్తొద్దు. సిపాయి లేదు, రాజు లేదు. మంజూరేనా?"

చిన్నాయన ఒక చెప్పు విడిచి మళ్లీ వేసుకున్నాడు. "మంజూరే," అన్నాడు.

ముగ్గురం మిర్యాలగూడ బస్సెక్కాం. సేటు ఇంటికి వెళ్లి ఏం చెప్పాలి? నాకు పెళ్లి కుదిరిందనీ, ఆ వీడియో ఆయన పనితనం చూసి మాట్లాడుకుందామని వచ్చామనీ చెప్పాను. సేటు భార్య సంబరపడిపోయింది. మంచి పెద్ద మనిషి, మాట తీపి.

"కూసోండి, కూసోండి. పిల్ల ఏ ఊరు బాబూ?"

"చిలుకూరు," అన్నాను, నోటికి వచ్చింది. ఆమె ఒక్కో ప్రశ్న అడుగుతుంటే ఆ పిల్లకు ఇద్దరు అన్నలు, ఒక బోరుబావి, నిమ్మతోట వచ్చి చేరాయి. చిన్నమ్మ నా తొడ మీద గిల్లకపోతే ట్రాక్టరు కూడా వచ్చేది.

క్యాసెట్టు పెట్టారు. గణపతి బొమ్మ గిరగిరా తిరుగుతూ వచ్చింది. తర్వాత ఇంటి ముందు పందిరి, పందిరికి కట్టిన ప్రతి మామిడాకు. నేను మెల్లగా, "అమ్మా, జర ముంగటికి కొడితే," అన్నాను.

"పనితనం సూడనీకొచ్చి ఉరికిస్తవేంది బిడ్డా? పసుపు దంచేది ఉరికించొద్దు."

మంగళస్నానం ఉరికించొద్దు, ఆడపిల్లకు మంచిది కాదు. జీలకర్ర బెల్లం ఉరికించొద్దు. తాళి దగ్గర నేను నోరే తెరవలేదు. చదివింపుల దగ్గర వరసగా నిలబడ్డ ప్రతి మనిషినీ ఆమె ఆపి చూపించింది. "గీమె మా ఆడబిడ్డ. గిప్పుడు మాట్లాడదు మాతోని." బొమ్మ ఆగిపోయి ఆడబిడ్డ ముఖం వణుకుతూ ఉండేది. ఆమె మాట్లాడకపోవడానికి కారణం విన్నాకే అది కదిలేది. భోజనాల సీను వచ్చేసరికి మాకూ విస్తళ్లు వేశారు. తెర మీద వాళ్లు తింటున్నారు, కింద మేం తింటున్నాం. చిన్నాయన అన్నం మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, చిన్నమ్మ చూపు పడగానే గబుక్కున మింగేశాడు.

అప్పగింతలు వచ్చాయి. పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. ఇక్కడ సేటు భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసలు ఆ కూతురు పక్క వీధిలోనే ఉంటుంది. ఆ పూట కూడా చంటిపిల్లను తీసుకుని వచ్చి, మా వెనకే కూర్చుని మరమరాలు తింటూ తన ఏడుపు తనే చూస్తోంది. చిన్నమ్మ కూడా ఏడ్చింది. చిన్నాయన కళ్లల్లో మాత్రం నీళ్లు లేవు, ముందుకు వంగి టీవీకి జానెడు దూరంలో ఉన్నాడు. కారు కదిలింది. తెల్లటి గీతలు పరుగెత్తాయి. గర్రుమని చప్పుడు.

రాజు వచ్చాడు.

సేటు భార్య దండం పెట్టింది. రాజు పక్కన ఒక సిపాయి, కనుబొమల దాకా టోపీ, ఛాతీ దాకా గడ్డం, మధ్యలో ముక్కు. ఆ సిపాయి అప్పుడే ఏదో చెప్పి నోరు మూస్తున్నాడు.

"అయిపాయె," అన్నాడు చిన్నాయన, నాకు మాత్రమే వినపడేట్టు. "నా మాట గిప్పుడే అయిపాయె. పెండ్లి మింగింది."

నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు చికిలించి చూసి, నా చెవి దగ్గరకు వంగింది. "ముక్కొక్కటే కనవడ్తున్నది. గసొంటి ముక్కులు మన పేటల గల్లీకి పది ఉన్నయ్. ఇగ లేద్దామా?"

రాజు కోపంగా చెయ్యెత్తాడు. పట్టి బంధించమని అనుంటాడు. "అగో, దీవెన," అంది సేటు భార్య. భటులు వడ్ల బస్తాలు తెచ్చి దింపారు. ఒక బస్తా మూతి ఊడిపోయింది. రాజూ మంత్రులూ అందరూ వాకిలి వైపు, బహుశా బీరువా వైపు, నోరు తెరిచి చూస్తున్నారు. చిన్నాయన వెనక్కి వాలిపోయాడు. ముఖం నల్లబడింది. చెప్పుల కోసం చూస్తున్నాడు.

అప్పుడు తెర మీద, అందరి వెనక, ఆ సిపాయి అటు చూశాడు, ఇటు చూశాడు. బల్లెం చంకలో పెట్టుకున్నాడు. వంగాడు. చెయ్యి బస్తాలోకి పోయింది. గడ్డం కిందికి పోయింది. దవడ ఒక్కసారి ఆగింది. తర్వాత టోపీకీ గడ్డానికీ మధ్య ఉన్న ఆ కాస్త ముఖం చింతకాయ తిన్నట్టు ముడుచుకుంది. మిగిలిన గింజలు బస్తాలోకి రాలాయి.

"ఆగు!" అని చిన్నమ్మ లేచి నిలబడింది. "వెనక్కి తిప్పు! వెనక్కి తిప్పు వదినా!"

తన కూతురి పెళ్లి క్యాసెట్టును వెనక్కి తిప్పమన్న మనిషి సేటు భార్యకు మొదటిసారి దొరికింది. సంతోషంగా తిప్పింది. సిపాయి మళ్లీ వంగాడు, మళ్లీ కొరికాడు, మళ్లీ ముఖం ముడిచాడు.

"గీయనే! మా ఆయనే!" చిన్నమ్మ టీవీ మీద చెయ్యి పెట్టేసింది. "నా పెండ్లిల గిట్లనే కొరికిండు! గదే మొకం! గదే మొకం పెట్టిండు!"

చిన్నాయన బిత్తరపోయి చూస్తున్నాడు. ఆ కొరకడం ఆయనకు గుర్తే లేదు. ఇన్నేళ్లూ తను చెప్పిన మాట గురించే చెప్పుకున్నాడు గాని, చేసిన ఈ పని కెమెరాలో పడిందని ఆయనకే తెలియదు.

సేటు భార్య గందరగోళంగా మమ్మల్ని చూసింది. "మీరు మా పిల్ల పెండ్లికి ఎప్పుడొచ్చిన్రు? మేం పిలిసినట్టు యాదికి లేదే!"

వీడియో ఆయన జోడించిన చేతులు నాకు గుర్తొచ్చాయి. "మిక్సింగ్‌ల ఉన్నడమ్మా," అన్నాను. "దీవెన సీనుకు మా చిన్నాయననే తీస్కపోయిండు."

"అయ్యో, గా ముచ్చట ముందే జెప్పరేంది!" అని ఆమె లోపలికి పరిగెత్తి పళ్లెంలో తాంబూలం తెచ్చింది. కూతురి చంటిపిల్లను తెచ్చి చిన్నాయన ఒళ్లో పెట్టింది. "దర్బారు మనుషులు. జర దీవించుండ్రి."

చిన్నాయన చేసేది లేక రాజులాగే చెయ్యెత్తాడు. చంటిది కెవ్వుమంది.

ఆ గోలలో చిన్నమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చాలా ఏళ్ల తర్వాత మొగుణ్ని ఒక సంగతి అడిగింది, ఆయన చెప్పేది వినడానికే అడిగింది.

"వడ్లెట్లుండె?"

ఆయన గింజ కొరికినట్టు దవడ ఒకసారి కదిపాడు. "తేమ," అన్నాడు. "లారీల తడిసినయ్."

"మొకం జూస్తెనే తెల్సింది," అంది ఆమె.

తిరుగు బస్సులో నేను వాళ్ల వెనక సీట్లో కూర్చున్నాను. కండక్టరు టికెట్టు కొడుతుంటే చిన్నమ్మ, "మా ఆయన టీవీల జేసిండు తెల్సా," అని మొదలుపెట్టి, బస్సంతా వినపడేట్టు చెప్పింది. అందులో నా ఏనుగు కూడా వచ్చింది. నేను గుర్తు చేయలేదు, ఆమే పెట్టుకుంది. చిన్నాయన సిగ్గుతో బయటికి చూస్తున్నాడు.

"వాన వచ్చేటట్టున్నది," అన్నాడు, మాట మార్చడానికి.

నేను చిన్నమ్మ చేతి వైపే చూస్తున్నాను. ఆమె చెయ్యి కిటికీ బయటికి పోలేదు. పైకి పోయింది, షట్టరు పట్టుకుని కిందికి లాగింది.

వాన రాలేదు. ఆకాశంలో మబ్బు ముక్క కూడా లేదు. ఎండాకాలం బస్సు, ఉక్కకు చొక్కాలు తడిసిపోయాయి. అయినా పేట చేరేదాకా ఆమె ఆ షట్టరు తియ్యలేదు, నన్నూ నా కిటికీ తియ్యనివ్వలేదు.